పొట్టకు పట్టీ... బతుకంతా కాపలా

బరువు తగ్గించే 'బ్యాండు' ఆపరేషన్ మంచిచెడ్డలు: వేయించుకున్న వారి అనుభవం ఏం చెబుతోంది?

(ప్రత్యేక విలేఖరి)

పట్నంలో ఒక ఆపరేషన్ చేస్తారట, పొట్ట పెద్దగా కోయరట, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారట, ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు తగ్గుతారట. ఇలాంటి మాటలు ఇప్పుడు మన పల్లెల్లో కూడా వినబడుతున్నాయి. ఆసుపత్రుల కరపత్రాల్లో లావుపాటి మనిషి బొమ్మ ఒకటి, పక్కనే సన్నబడిన మనిషి బొమ్మ ఒకటి వేస్తున్నారు. ఈ రెండు బొమ్మల నడుమ ఆ మనిషి ఏం పడ్డాడో, ఆ తర్వాత పదేళ్లకు ఎలా ఉన్నాడో మాత్రం కరపత్రం చెప్పదు.

ఊబకాయం షావుకార్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ట్రాక్టరు వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది, ఇంట్లో మిక్సీ వచ్చింది. ఒంటికి పని తగ్గింది గాని కంచంలో అన్నం తగ్గలేదు. మోకాళ్ల నొప్పులు, చక్కెర వ్యాధి, రక్తపోటు వెంట వచ్చాయి. అందుకే బరువు తగ్గించే ఆపరేషన్ల మీద జనానికి ఆశ కలగడం సహజం.

ఆ ఆపరేషన్లలో ఒకప్పుడు విదేశాల్లో బాగా పేరు మోసినది 'గ్యాస్ట్రిక్ బ్యాండు'. తెలుగులో చెప్పాలంటే జీర్ణాశయానికి పట్టీ కట్టడం. లక్షలాది మంది వేయించుకున్నారు. మేలు పొందిన వారున్నారు, అవస్థలు పడి తీయించుకున్న వారూ ఉన్నారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే డాక్టర్లే దానిని చాలావరకు పక్కన పెట్టారు. ఈ పట్టీ కథ తెలుసుకుంటే, బరువు తగ్గించే ఏ ఆపరేషన్‌కైనా ఒప్పుకునే ముందు ఏం అడగాలో మనకు తెలుస్తుంది.

ఏమిటీ పట్టీ?

మనం మింగిన అన్నం ఆహారనాళం గుండా జీర్ణాశయంలోకి, అంటే కడుపులోని అన్నం సంచిలోకి దిగుతుంది. ఆ సంచి పైభాగాన సిలికాన్ అనే మెత్తటి పదార్థంతో చేసిన పట్టీని ఉంగరంలా బిగిస్తారు. దానితో సంచి డమరుకం ఆకారంలోకి వస్తుంది. పైన చిన్న అర, కింద పెద్ద అర, మధ్యన ఇరుకైన నడుము. పై అరలో పట్టేది కొద్దిపాటి ఆహారమే. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. అది సన్నని దారి గుండా మెల్లగా కిందికి జారుతుంది.

పట్టీ లోపలి వైపు సైకిలు ట్యూబులా బోలుగా ఉంటుంది. అందులో నుంచి ఒక సన్నని గొట్టం వచ్చి, పొట్ట చర్మం కింద అమర్చిన చిన్న బిళ్లకు కలుస్తుంది. దీనిని 'పోర్టు' అంటారు. సైకిలు ట్యూబుకు వాల్వు ఎలాగో పట్టీకి ఈ పోర్టు అలాగ. డాక్టరు చర్మం మీద నుంచి ప్రత్యేకమైన సూదితో పోర్టులోకి సెలైన్ నీరు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది. నీరు తీస్తే వదులవుతుంది. ఆపరేషన్ అయిన కొన్ని వారాల తర్వాత ఈ బిగింపు మొదలవుతుంది. ఆ తర్వాత మనిషిని బట్టి మళ్లీ మళ్లీ సరిచేయాలి.

పొట్టకు నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా గొట్టంతో చూస్తూ ఈ పని చేస్తారు. జీర్ణాశయాన్ని కోయరు, పేగులను మార్చరు. కావాలంటే పట్టీని తీసేయవచ్చు. ఆపరేషన్ సమయంలో ప్రాణాపాయం కూడా చాలా తక్కువ. ఇన్ని సుగుణాలు ఉండబట్టే దీనికి అంత గిరాకీ వచ్చింది. ఒంట్లో కొవ్వును పీల్చి తీసే 'లైపోసక్షన్' వేరు, ఇది వేరు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు.

ఎక్కడ పుట్టింది?

బిగించి వదులు చేయగల పట్టీ 1980 దశకం మధ్యలో స్వీడన్‌లోను, అమెరికాలోను తయారైంది. అమెరికాలో 1986లో డాక్టర్ కుజ్మాక్ దీనిని వాడారు. అప్పట్లో పొట్ట పెద్దగా కోసి వేయవలసి వచ్చేది. ఇథియోపియాలో పుట్టి బెల్జియంలో స్థిరపడిన సర్జన్ మితికు బెలచూ 1993లో హ్యూయ్ అనే పట్టణంలో, పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా ఈ పట్టీ వేశారు. అక్కడ నుంచి అది ఐరోపా అంతా పాకింది, ఆస్ట్రేలియాలో బాగా నాటుకుంది. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో అనుమతి ఇచ్చింది.

2011 నాటికి అమెరికాలో బరువు తగ్గించే ఆపరేషన్లు నూరు జరిగితే వాటిలో సుమారు 35 పట్టీలే. ఆ తర్వాత పదేళ్లు గడవకముందే అవి నూటికి ఒకటికి పడిపోయాయి. ఎందుకు పడిపోయాయన్నదే అసలు సంగతి.

మేలు జరిగిన మాట నిజమే

ముందుగా మంచి చెప్పుకోవాలి. మెల్‌బోర్న్ నగరంలో కొత్తగా చక్కెర వ్యాధి వచ్చిన 60 మంది లావుపాటి రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. సగం మందికి పట్టీ వేశారు, సగం మందికి మందులు, పథ్యం మాత్రమే ఇచ్చారు. రెండేళ్ల తర్వాత పట్టీ వేసిన వారిలో నూటికి 73 మందికి చక్కెర అదుపులోకి వచ్చి వ్యాధి అణగింది. రెండో జట్టులో నూటికి 13 మందికే అలా జరిగింది. ఇది చిన్న సంగతి కాదు.

తీవ్రమైన ఊబకాయం సోమరితనం వల్ల వచ్చేది కాదని, అది జబ్బేనని వైద్యశాస్త్రం అంగీకరించింది. పథ్యం చేసి, నడిచి, తగ్గిన బరువు మళ్లీ పెరిగి, పదేళ్లు ఆ బాధ పడిన మనిషి చివరకు ఆపరేషన్ దాకా వెళ్తాడు. అలాంటి వారిని 'తిండి మానలేక కోయించుకున్నాడు' అని ఎగతాళి చేయడం తప్పు. ఆ ఎగతాళికి జడిసే చాలామంది ఆపరేషన్ సంగతి దాస్తారు. తర్వాత వచ్చిన కష్టాన్నీ దాస్తారు. దానితో వారి వెనుక వెళ్లే వారికి నిజం తెలియకుండా పోతోంది.

ముద్ద దిగని అవస్థ

పట్టీ వేయించుకున్న వారు మొదట చెప్పేది తిండి గురించే. ముద్ద బాగా నమలకుండా మింగితే అది ఇరుకు దారిలో చిక్కుకుంటుంది. రొమ్ము ఎముక వెనుక రాయి పెట్టినట్టు నొప్పి వస్తుంది. నోట్లో జిగట నురగ ఊరుతుంది. చివరకు ఆ ముద్ద పైకి వచ్చేదాకా ఉపశమనం ఉండదు. నలుగురితో కూర్చుని తింటూ మధ్యలో లేచి పెరట్లోకి పరుగెత్తవలసి వస్తుంది.

ఏవి చిక్కుతాయి? ముద్ద కట్టే అన్నం, మెత్తటి రొట్టె, పీచు ఉండే కూరలు, ఎండిన మాంసం. మన తిండి అన్నమే కనుక మనవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు. ప్రతి ముద్దా చిన్నదిగా తీసుకుని, పిండి అయ్యేదాకా నమిలి, నిదానంగా తినాలి. భోజనంతో పాటు నీళ్లు తాగవద్దంటారు. పెళ్లి విందులో 'ఇంకొక్క ముద్ద వదినా' అని కొసరి కొసరి వడ్డించే మర్యాద ఇలాంటి వారికి శిక్షే అవుతుంది. బంధువులు అది గ్రహించాలి.

ఇంకొక చిత్రం కూడా ఉంది. గట్టి తిండి దిగదు గాని ఐస్‌క్రీము, పాయసం, కూల్‌డ్రింకు, తీపి లస్సీ ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. కూర, పప్పు తినలేక, తేలిగ్గా దిగే తీపి వస్తువులకు అలవాటు పడినవారు పట్టీ ఉండగానే బరువు పెరిగారు. 'పట్టీ వేసినా తగ్గలేదు, తప్పు నాదేనా' అని కుమిలిపోయిన వారున్నారు. పట్టీ మరీ బిగుసుకుపోతే ఎవరైనా ఇలాంటి తిండికే దిగుతారని వైద్యులే చెబుతున్నారు. అప్పుడు కావలసింది చీవాట్లు కావు, పట్టీ వదులు చేయించడం.

రాత్రి పడుకుంటే పులితేన్పులు, గొంతులోకి పులినీరు రావడం, దగ్గుతో మెలకువ రావడం మరో లక్షణం. చాలామంది దీనిని మామూలు గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ గడిపేస్తారు. పట్టీ ఉన్న మనిషికి రాత్రి దగ్గు వస్తోందంటే పట్టీ మరీ బిగుతుగా ఉందనో, చోటు మారిందనో అనుమానించాలి.

పట్టీ జారితే, కోసుకుపోతే...

పట్టీతో వచ్చే చిక్కులు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది జారడం. పట్టీ కిందనున్న జీర్ణాశయం పట్టీ లోపలి నుంచి పైకి ఎగబాకుతుంది, లేదా పై అర సాగి పెద్దదవుతుంది. వాంతులు, పులితేన్పులు, తిండి దిగకపోవడం దీని గుర్తులు. ఒక్కొక్కసారి జారిన భాగానికి రక్తం అందక ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది కోసుకుపోవడం. ఏళ్ల తరబడి ఒరిసి ఒరిసి పట్టీ జీర్ణాశయం గోడను తొలుచుకుని లోపలికి చేరుతుంది. చెట్టు కాండానికి కట్టిన తీగ, చెట్టు లావయ్యే కొద్దీ బెరడులోకి దిగబడినట్టు ఉంటుంది ఇది. నొప్పి ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి ఆకలి పెరగడం, తగ్గిన బరువు మళ్లీ రావడం, పోర్టు దగ్గర చీము పట్టడం మాత్రమే కనిపించవచ్చు. అందుకే చాలాకాలం తర్వాత పోర్టు దగ్గర పుండు లేస్తే పైపైన కట్టు కట్టి వదిలేయకూడదు. లోపల పట్టీ సంగతి ఎండోస్కోపీతో చూడాలి.

మూడోది పోర్టు, గొట్టం చెడిపోవడం. పోర్టు తలకిందులైతే సూదికి అందదు. గొట్టం తెగినా, చిల్లు పడినా నీరు కారిపోయి పట్టీ వదులైపోతుంది. మళ్లీ చిన్న ఆపరేషన్ తప్పదు.

నాలుగోది ఆహారనాళం సాగిపోవడం. పట్టీ చాలాకాలం బిగుతుగా ఉంటే తిండి పైనే నిలిచిపోయి ఆహారనాళం పాత గోనెసంచిలా సాగుతుంది. సమయానికి వదులు చేస్తే చాలావరకు మళ్లీ కుదుటపడుతుంది, ఆలస్యం చేస్తే కష్టం.

ఇవి కాక, వేగంగా బరువు తగ్గినప్పుడు ఏ పద్ధతిలోనైనా పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, జుట్టు ఊడవచ్చు, పొట్ట చర్మం వేలాడవచ్చు.

పన్నెండేళ్ల తర్వాత లెక్క తేలింది

మొదటి రెండేళ్లు చూసి ఏ ఆపరేషన్‌నూ మెచ్చుకోరాదని పట్టీ నేర్పింది. బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో 1994-97 మధ్య పట్టీ వేయించుకున్న 151 మంది ఎలా ఉన్నారో అక్కడి సర్జన్లే పన్నెండేళ్లు దాటాక ఆరా తీశారు. 82 మంది దొరికారు. 2011లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం నూటికి 39 మందికి పెద్ద చిక్కులు వచ్చాయి. నూటికి 28 మందికి పట్టీ జీర్ణాశయంలోకి కోసుకుపోయింది. నూటికి సుమారు 60 మందికి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మొదట వేసిన ఆపరేషన్‌తో నిలిచి, పట్టీ ఇంకా ఒంట్లో ఉన్నవారు సగం మందికి కాస్త ఎక్కువ. అయినా నూటికి 60 మంది తమకు తృప్తిగానే ఉందన్నారు. ఈ రెండు మాటలూ నిజమే కనుక రెండూ కలిపి చెప్పాలి.

ఆస్ట్రేలియాలో లెక్క ఇంకో తీరుగా వచ్చింది. అక్కడ 3,227 మంది వివరాలను 2013లో ప్రచురించారు. పదిహేనేళ్ల తర్వాత కూడా అధిక బరువులో సుమారు 47 శాతం తగ్గే ఉంది. అధిక బరువు అంటే ఉండవలసిన దానికి మించి ఉన్నది. 60 కిలోలు ఉండవలసిన మనిషి 100 కిలోలు ఉంటే అధిక బరువు 40 కిలోలు, అందులో 47 శాతం అంటే 19 కిలోలు. అంటే 100 కిలోల మనిషి 81కి వస్తాడు, 60కి రాడు. అక్కడ పట్టీ కోసుకుపోయినవి నూటికి 3 నుంచి 4 మాత్రమే. అయితే పై అర సాగడం వల్ల నూటికి 26 మందికి, పోర్టు లేదా గొట్టం వల్ల నూటికి 21 మందికి మళ్లీ కత్తి పెట్టవలసి వచ్చింది.

అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద పట్టీ వేయించుకున్న 25,042 మంది లెక్కలు 2017లో వెలువడ్డాయి. సగటున నాలుగైదేళ్లలోనే నూటికి 18 మందికి పైగా మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కారు. ఎక్కినవారికి ఒక్కటితో పోలేదు, సగటున దాదాపు నాలుగు ఆపరేషన్లు జరిగాయి. పట్టీల మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చులో సగానికి దగ్గరగా ఈ మరమ్మతులకే పోయింది.

బావి తవ్వించడానికే డబ్బు చూసుకుని, పూడిక తీతకు, మోటారు మరమ్మతుకు డబ్బు ఉంచుకోని రైతు గతి ఏమవుతుందో మనకు తెలుసు. పట్టీ లెక్క కూడా అటువంటిదే.

దాచినవారు, చెప్పినవారు

పేరున్న వాళ్లు కూడా ఈ సంగతి దాచి ఇబ్బంది పడ్డారు. ఇంగ్లాండులో టీవీ కార్యక్రమాల ద్వారా ఇంటింటా తెలిసిన ఫెర్న్ బ్రిటన్ బాగా సన్నబడితే జనం అదంతా పథ్యం, వ్యాయామం వల్లనే అనుకున్నారు. పట్టీ వేయించుకున్న సంగతి 2008లో బయటపడినప్పుడు, తమను నమ్మించి మోసం చేశారని చాలామంది కోప్పడ్డారు. ఆపరేషన్ సొంత విషయమే. కాని దాని ఫలితాన్ని చూసి ఇతరులు 'ఆమె పథ్యంతో తగ్గితే నేనెందుకు తగ్గలేకపోతున్నాను' అని తమను తాము నిందించుకున్నారు. అక్కడే చిక్కు వచ్చింది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు క్రిస్ క్రిస్టీ 2013 ఫిబ్రవరిలో రహస్యంగా పట్టీ వేయించుకుని, మే నెలలో ఆ సంగతి తానే చెప్పారు. పిల్లల కోసం చేయించుకున్నానన్నారు. తర్వాత ఆయన బరువు తగ్గడాన్ని దేశమంతా చూసింది.

ప్రకటనల సంగతి ఇంకా ఘోరం. దక్షిణ కాలిఫోర్నియాలో రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు పెట్టి, రేడియోలో పాటలు కట్టి పట్టీ ఆపరేషన్లను అమ్మారు. అక్కడ ఆపరేషన్ చేయించుకున్న వారిలో కొందరు మరణించారని పత్రికలు రాశాయి. ఆ ప్రకటనలు అపాయాలను సరిగా చెప్పడం లేదని ఎఫ్‌డీఏ 2011 డిసెంబరులో హెచ్చరిక లేఖలు పంపింది. బోర్డు మీద సన్నటి మనిషి బొమ్మ పెద్దది, అపాయం రాసిన అక్షరాలు చీమల బారంత. ఈ తంతు ఏ దేశంలోనైనా ఒకటే.

మన ఊరికి వచ్చినప్పుడు...

పట్టీ మన జిల్లాలో ఎవరు వేశారు, మనకెందుకు అనుకోవచ్చు. మన ఊళ్ల పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో, ఇంగ్లాండులో స్థిరపడి సంక్రాంతికి, దసరాకు వస్తున్నారు. వారిలో ఎవరికైనా పట్టీ ఉండవచ్చు, ఇంట్లో చెప్పకపోయి ఉండవచ్చు. పండగ భోజనం తర్వాత వాంతులు మొదలైతే అజీర్తి అనుకుని ఊళ్లోనే సెలైన్ సీసా కట్టించడం మనకు అలవాటు. అందుకే ఈ కింది సంగతులు ప్రతి ఇంటా తెలిసి ఉండాలి.

పట్టీ ఉన్న మనిషి నీళ్లు కూడా మింగలేకపోతే, సొంత ఉమ్మి కూడా దిగకపోతే, వాంతులు ఆగకపోతే, కడుపులో తీవ్రమైన నొప్పి ఉంటే, జ్వరంతో గుండె దడ ఉంటే, రక్తపు వాంతి గాని నల్లటి విరేచనం గాని అయితే ఒక్క పూట కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, సర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వెళ్లగానే మొదటి మాటగా 'కడుపులో పట్టీ ఉంది' అని చెప్పాలి. పోర్టు నుంచి నీరు తీసి పట్టీని వదులు చేస్తే చాలామందికి అక్కడికక్కడే ఉపశమనం కలుగుతుంది. జారిన పట్టీ అయితే ఆపరేషన్ కావాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. చిక్కుకున్న ముద్దను దించాలని అరటిపండు, అన్నం ముద్ద, సోడా మింగించకూడదు. తెలియనివారు మామూలు ఇంజక్షన్ సూదిని పోర్టులో గుచ్చకూడదు, పోర్టు పాడై నీరు కారుతుంది. రోజుల తరబడి వాంతులు అవుతున్న మనిషికి ఒంట్లో బి1 విటమిన్ తరిగిపోతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు, నరాలకు దెబ్బ తగలవచ్చు. కనుక ఎన్ని రోజులుగా తిండి నిలవడం లేదో డాక్టరుకు తప్పక చెప్పాలి.

పట్టీ ఉన్న స్త్రీ గర్భం దాలిస్తే ఆ సంగతి కాన్పు చూసే డాక్టరుకు మొదటి నెలల్లోనే తెలపాలి. వాంతులు ఎక్కువైతే పట్టీ వదులు చేస్తారు. పట్టీ ఉన్నవారు, బరువు తగ్గించే ఇతర ఆపరేషన్లు అయినవారు కీళ్లనొప్పుల మాత్రలను డాక్టరును అడగకుండా కొట్లో కొనుక్కుని మింగరాదు. కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది.

ఇప్పుడు చేస్తున్నవి వేరు

మన నగరాల్లో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి 'స్లీవ్', 'బైపాస్' ఆపరేషన్లు. స్లీవ్‌లో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులు, ఇంకా ఎక్కువే కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. తీసింది మళ్లీ రాదు. బైపాస్‌లో పైన చిన్న సంచి చేసి చిన్నపేగుకు కలుపుతారు. ఇంగ్లాండులో పట్టీని, స్లీవ్‌ను, బైపాస్‌ను పోల్చి చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. బైపాస్ అన్నింటికన్నా మెరుగని, పట్టీ వెనుకబడిందని అందులో తేలింది. అయితే వీటికీ వాటి చిక్కులు ఉన్నాయి. కుట్టిన చోట కారడం, రక్తస్రావం, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టడం, స్లీవ్ తర్వాత పులితేన్పులు, ఇనుము, బి12, కాల్షియం లోపాలు అందులో ముఖ్యమైనవి. విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు.

ఎవరికి అవసరం? దీనికి ఒక లెక్క ఉంది. బరువును కిలోల్లో తీసుకుని, దానిని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఎత్తు 160 సెంటీమీటర్లు, అంటే 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 90 కిలోలు అయితే ఆ అంకె 35 వస్తుంది. దీనిని బీఎంఐ అంటారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 35 దాటినవారికి ఆపరేషన్ సలహా ఇవ్వవచ్చన్నాయి. చక్కెర వంటి జబ్బులుంటే 30 నుంచి ఆలోచించవచ్చన్నాయి. ఆసియా వారికి ఇంకా తక్కువ అంకె, 27.5 నుంచే పరిశీలించవచ్చని కూడా చెప్పాయి. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నిబంధన మాత్రం గట్టిది. బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, అదుపు కాని చక్కెర, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి ఉండాలి. అప్పుడే బీమా సొమ్ము వస్తుంది. అర్హత ఉన్నంత మాత్రాన అవసరం ఉన్నట్టు కాదు. 72 కిలోల మనిషి పెళ్లిలో చీర బాగా కనబడాలని చేయించుకునే ఆపరేషన్ కాదిది.

బరువు తగ్గించే కొత్త ఇంజక్షన్లు 2025 నుంచి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అవి కూడా డాక్టరు చూస్తుండగా వాడవలసినవే. మానేస్తే బరువు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

సంతకం పెట్టే ముందు అడగండి

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఇంట్లో పెద్దవారొకరిని తోడు తీసుకుని వెళ్లి డాక్టరు గారిని ఈ ప్రశ్నలు నిస్సంకోచంగా అడగాలి.

నాకు ఏ ఆపరేషన్ చేస్తారు? అదే ఎందుకు? తర్వాత వెనక్కి తీసుకునే వీలుందా?

మీ చేతి మీద ఇప్పటికి ఎంతమందికి చేశారు? ఐదేళ్లు దాటినవారు ఎలా ఉన్నారు? వారిలో ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ అయింది?

కష్టం వచ్చి తీయించుకున్న వారితో కూడా మాట్లాడే వీలు కల్పిస్తారా? (బాగున్నవారిని మాత్రమే చూపిస్తే అది సగం నిజమే.)

మీరు చెప్పిన ఖర్చులో తర్వాత వచ్చే పరీక్షలు, మాత్రలు, చిక్కు వస్తే చేసే రెండో ఆపరేషన్ ఉన్నాయా?

అర్ధరాత్రి వాంతులు మొదలైతే మా ఊరి నుంచి ఎవరికి ఫోన్ చేయాలి? ఎంత దూరం రావాలి?

ఆఖరి ప్రశ్న పల్లెవారికి అన్నింటికన్నా ముఖ్యం. ఆస్ట్రేలియాలో పట్టీ ఎక్కువకాలం నిలిచిందంటే రోగులను విడవకుండా పిలిచి చూసే ఏర్పాటు అక్కడ ఉండడం ఒక కారణం. పట్నం నుంచి వంద కిలోమీటర్ల దూరంలో, పొలం పనులు వదిలి నెల నెలా రాలేని మనిషికి అదే ఆపరేషన్ వేరే ఫలితం ఇవ్వవచ్చు.

ఇప్పటికే చేయించుకున్న వారికి ఒక విన్నపం. మేలు జరిగితే చెప్పండి. వాంతులు, ఖర్చు, రెండో ఆపరేషన్ ఎదురైతే అవి కూడా చెప్పండి. డిశ్చార్జి కాగితాలు, పట్టీ కంపెనీ ఇచ్చిన కార్డు పెట్టెలో అడుగున పడేయకుండా ఇంట్లో ఒకరికి తెలిసేటట్టు ఉంచండి. ఆపరేషన్ అయిందన్న మాట కనీసం మీ ఇంటి డాక్టరుకు, మీతో ఉండే వారిలో ఒకరికి తెలిసి ఉండాలి. అవసరం వచ్చిన రాత్రి మీ తరఫున ఆ మాట చెప్పవలసింది వారే.